మామ చెవికి నచ్చిన జనరేటర్

ఇంట్లో కూర్చునే బెంగళూరు కంపెనీలో ఉద్యోగం చేయవచ్చని లోకమంతా కొత్తగా నమ్మడం మొదలుపెట్టిన ఆ రోజుల్లో నేనూ నమ్మాను. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. చిక్కబళ్ళాపురంలో డిగ్రీ ముగించుకుని, గుడిబండెలో మా ఇంట్లో కూర్చుని, ఇంటిల్లిపాదిలోనూ నాకే ఎక్కువ తెలుసన్న గట్టి అభిప్రాయంతో కాలక్షేపం చేస్తున్నాను. (ఆ అభిప్రాయానికి ఆధారం ఏమిటని ఇప్పుడు అడిగితే చెప్పలేను. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్నది నా ఒక్కదానికే, బహుశా అదే కారణం.) ఆ ల్యాప్‌టాప్ కూడా మా పెదనాన్న కొడుకు నాలుగేళ్లు వాడి, కీళ్లన్నీ వదులయ్యాక నాకు దానం చేసింది. దాని బ్యాటరీ ఎప్పుడో ప్రాణం వదిలేసింది. గోడకున్న ప్లగ్గు నుంచి వైరు తీస్తే మరుక్షణం నల్లబడిపోయేది. అయినా దాంతోనే ఒక కంపెనీకి దరఖాస్తు పెట్టి, రెండు పరీక్షలు దాటి, మూడోదైన ఆఖరి ఇంటర్వ్యూ దాకా వచ్చాను. వచ్చే బుధవారం కాక పై బుధవారం, ఉదయం పదిన్నరకు, వీడియోలో. అందులో గట్టెక్కితే ఉద్యోగం. గట్టెక్కకపోతే బి.ఎడ్. ఆ బి.ఎడ్. ఫారం నాన్న అప్పటికే తెచ్చి, నాకు కనిపించేలా బీరువా మీద పెట్టాడు. ఆయన ఏమీ అనలేదు, ఫారమే మాట్లాడుతూ ఉండేది.

అడ్డమల్లా కరెంటు. ఆ నెలల్లో మా ఊళ్ళో పాత తీగలు తీసి కొత్తవి వేస్తున్నారు. రోజుకొకసారి, చెప్పాపెట్టకుండా, గంటో రెండు గంటలో తీసేసేవారు. కరెంటు పోతే ల్యాప్‌టాప్ పోతుంది, ఇంటర్నెట్ పెట్టె పోతుంది. పోనీ ఫోన్లో చేద్దామంటే మా వీధికి సిగ్నల్ అనేది వంటింటి కిటికీ దగ్గర ఒక గీత, అదీ అమ్మ పక్కకు జరిగితేనే. ఈ సంగతి ఒక సాయంత్రం భోజనాల దగ్గర చెప్పి బాధపడ్డాను. ఆ పూట మా ఇంట్లో ఇంజను మామ ఉండటమే నా కథకు మలుపు.

ఇంజను మామ అమ్మకు తమ్ముడు, నాకు మేనమామ. చాకవేలులో వ్యవసాయం. మోకాళ్ల వైద్యానికని అవ్వ ఆ రోజుల్లో మా ఇంట్లో ఉండేది కాబట్టి తల్లిని చూడటానికి వారానికొకసారి వచ్చేవాడు. ఆయనకు ఆ పేరు ఊరికే రాలేదు. రోడ్డు మీద పోయే ట్రాక్టరును చూడకుండానే, విని, 'దానికి రెండో గేరు అరిగింది' అనేవాడు. చుట్టుపక్కల రైతులు తమ పంపుసెట్టు మొరాయిస్తే ఫోను చేసి, ఫోనును ఇంజను పక్కన పెట్టి వినిపించేవారు. మామ కళ్ళు మూసుకుని విని రోగం చెప్పేవాడు. ఆయన చెవి మీద ఆయనకు అపారమైన నమ్మకం. మాకూ ఉండేది.

"దీనికింత బాధ యాలమ్మా? ఒక చిన్న జనరేటర్ తెచ్చేస్తే పాయె. చేత్తో ఎత్తుకుపోయేటివి వచ్చుండాయి ఇప్పుడు," అన్నాడు మామ, రాగిముద్ద చిదుపుతూ. "పాప ఉద్యోగానికి నేను ఇచ్చే కానుక అనుకోండి."

వెంటనే కాగితం తీశాను. ల్యాప్‌టాప్‌కు అరవై అయిదు వాట్లు, ఇంటర్నెట్ పెట్టెకు పన్నెండు. మొత్తం డెబ్బై ఏడు, చేయి జారినా నూరు దాటదని అడ్డగీత కొట్టి చూపించాను. కాగితాన్ని అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకుని, అందులో తలా కొంత చేర్చారు. ఎటూ తెస్తున్నారు కాబట్టి ఒక ఫ్యాను తిరగాలని అమ్మ. మిక్సీ కూడా అని మళ్ళీ అమ్మే. అవ్వ అంతవరకూ ఊరుకుని, "గ్రైండర్ తిరుగుతాదా?" అని ఒక్క మాట అడిగింది. మామకు వాట్లతో పని లేదు, ఆయన లోకంలో అన్నింటినీ హార్స్‌పవర్‌లోనే కొలుస్తారు. "రెండు హెచ్‌పీ ఉంటే గ్రైండర్ ఏమి, దాని తాత కూడా తిరుగుతాది," అన్నాడు. నేను పెద్ద మనసు చేసుకుని అన్నీ కూడి కింద కొత్త అడ్డగీత కొట్టాను. మోటారున్న ఏ వస్తువైనా తిరగడం మొదలుపెట్టే క్షణంలో మామూలుకన్నా రెండు మూడింతలు లాగుతుందని నాకు తెలియదు. శబ్దం గురించి కాగితంలో ఒక్క ముక్క లేదు. (ఇంటిల్లిపాదిలోనూ నాకే ఎక్కువ తెలుసని చెప్పాను కదా.)

మరుసటి సోమవారం మామ టమాటాలను చింతామణి మార్కెట్టుకు వేసుకుపోతుంటే బాగేపల్లిలో నేనూ ఆయన లగేజ్ ఆటో ఎక్కాను. మార్కెట్టులో లోడు దించేసి, ఖాళీ క్రేట్లు వెనక గలగలలాడుతుండగా, జనరేటర్లమ్మే ఒక అంగడి ముందు ఆగాం. యజమాని మామ వయసువాడే, నుదుట విభూతి, చొక్కా జేబులో టెస్టర్.

ఇక్కడ మా వైపు అలవాటొకటి చెప్పాలి. ఇంట్లో తెలుగు, పొలంలో తెలుగు, తిట్టుకునేది తెలుగు. కానీ కొత్త మనిషి ఎదురైతే, అందులోనూ గల్లాపెట్టె వెనక కూర్చున్న మనిషయితే, మర్యాదకు కన్నడం ఎత్తుకుంటాం. ఎదుటివాడూ మర్యాదస్తుడే కాబట్టి అతనూ కన్నడమే మాట్లాడతాడు. అలా ఇద్దరు తెలుగువాళ్ళు గంటసేపు కన్నడంలో చెమటలు కక్కడం మా వైపు ఏ అంగట్లోనైనా చూడొచ్చు. మామ చిక్కేమిటంటే, ఆయన కన్నడం అంతా తాలూకు ఆఫీసులో అర్జీలు పెట్టుకుంటూ నేర్చింది. అందుకని "ఏను బేకు సార్?" అని, ఏం కావాలని, యజమాని అడగ్గానే మామ చేతులు కట్టుకుని, "ఈ మూలక తమ్మల్లి కోరువుదేనెందరె..." అని మొదలుపెట్టాడు. అది అర్జీలో మొదటి వాక్యం. 'ఇందుమూలంగా తమరిని వేడుకొనునదేమనగా' అని అర్థం. యజమాని ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు.

మొదట ఒక చిన్నది చూపించాడు. సూట్‌కేసు అంత ఉంది, పైన పట్టుకోవడానికి పిడి. తాడు లాగాడు. అది 'మ్‌ మ్‌ మ్‌' అంది. నాకు ప్రాణం లేచొచ్చింది, నా కాగితంలో మొదటి అడ్డగీతకు సరిగ్గా సరిపోయే యంత్రం అదే. మామ వంగి చెవి పెట్టాడు. చాలలేదు. అరచేయి ఆనించాడు. తర్వాత నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, తెలుగులో, "స్టార్టయిందంటావా?" అన్నాడు. అయిందన్నాను. "జ్వరమొచ్చినోడు మూలిగినట్లుండాదే. దీంతో ఏమైతాది పాపా?" అన్నాడు. ఆయన లెక్క సులువు. ఇంజను బలం ఇంజను గొంతులో ఉంటుంది. జీవితమంతా డీజిలు పంపుసెట్లూ టిల్లర్లూ విన్న మనిషికి, నెమ్మదిగా పలికే ఇంజను అంటే పోబోయే ఇంజనే.

రెండోది కాస్త గట్టిగా పలికింది. మామ మొహం కొంచెం వికసించింది. మూడోది ఎర్ర చట్రంలో, నల్ల ట్యాంకుతో, మూలన ఉంది. దాన్ని యజమాని ముందుకు లాగుతుంటేనే మామ చూపులో మార్పు గమనించాను. "నాను ఒమ్మె ప్రయత్నిసబహుదే?" అని, తానొకసారి ప్రయత్నించవచ్చా అని, అర్జీ భాషలో అడిగి, మామ తానే తాడు పట్టి లాగాడు. తాడు వెనక్కి తన్ని వేళ్ళ మీద కొట్టింది. మామ నోటి నుంచి అర్జీ భాష ఎగిరిపోయింది.

"అమ్మో! వేళ్ళు పాయెనే, దీని వంశం మండా!"

యజమాని రెండు చేతులూ ఎత్తాడు. "అయ్యో అప్పా, మీరు తెలుగోళ్ళా? ఇంతసేపూ నన్నెందుకప్పా చంపితిరి?"

"నువ్వు నన్ను సంపలేదా? ఏ ఊరు మీది?"

ఊరు చింతామణి పక్కనే, కానీ అతని తల్లి పుట్టిల్లు నాగరగెరె అని తేలింది. మా అత్త అక్కను ఇచ్చింది నాగరగెరెకే. ఇద్దరూ కుర్చీలు లాక్కుని, ఎవరి పెళ్ళిలో ఎవరు వడ్డించారో చెప్పుకుంటూ కాసేపు తవ్వి, ఆఖరికి యజమాని మామకు బావ వరస అవుతాడని తేల్చారు. కాఫీలు వచ్చాయి. నాకు బాదంపాలు. బావ అయిపోయాక ఆ మనిషి వ్యాపారం పక్కనపెట్టి నా కాగితం తీసుకుని చూసి, నిజం చెప్పేశాడు.

"పాపా, నీ ఇంటర్వ్యూకు జనరేటరే అక్కర్లేదు. ఒక చిన్న బ్యాటరీ పెట్టె చాలు, రెండు గంటలు లాగుతాది. నా అంగట్లో లేదు గానీ, ఆ వీధి చివర అంగట్లో ఉండాది. పోయి తీసుకోండి."

కన్నడంలో ఉండగా ఈ మాట చెప్పి ఉంటే, 'మళ్ళీ వస్తాం' అని నవ్వి ఆ వీధి చివరికి పోయి ఉండేవాళ్ళం. ఇప్పుడెలా? బంధువు అంగట్లో కాలుపెట్టి, కాఫీ తాగి, ఉత్తచేతులతో లేచి ఇంకొకడి అంగటికి పోవడం మామ వల్ల అయ్యే పని కాదు. "అదేం మాట బావా! నీకాడ తీసుకోకుండా పోతే రేపు నాగరగెరెలో తలెత్తుకుంటానా నేను?" అన్నాడు. బావ వల్ల కూడా కాలేదు. "అట్లయితే ఆ సన్నది మాత్రం ఇయ్యను. బావకు సన్నది అంటగట్టినాడని నన్నంటారు," అన్నాడు. ఇలా ఒకరి పరువు ఒకరు కాపాడుకుంటూ ఇద్దరూ ఎర్రచట్రం దగ్గరికి చేరారు. ఈసారి యజమాని లాగాడు. అది అరిచింది. పక్క హోటల్లో గ్లాసులు కదిలాయి, ఎదురు రోడ్డులో పోతున్న ఎద్దు ఆగి చూసింది. మామ కళ్ళు మూసుకుని, తల మెల్లగా ఊపుతూ, చాలాసేపు విన్నాడు. కళ్ళు తెరిచేసరికి అవి తడిగా ఉన్నాయి.

"గొంతంటే ఇది," అన్నాడు.

"ఎట్లుండాది పాపా?" అని ఇద్దరూ నన్ను అడిగారు. వద్దు అనడానికి నాకు అవకాశం ఉన్న చివరి క్షణం అదే. కానీ అడిగింది నన్ను, చదువుకున్నదాన్ని. కాగితం చూసి, కనుబొమలు ముడిచి, "కెపాసిటీ బాగుండాది," అన్నాను. మామ చెవికి శిక్ష వేయాలంటే నా నోటికి కూడా వేయాలి.

ఇంటికి తెచ్చాక అవ్వ దానికి కుంకుమ పెట్టి, ట్యాంకు మూత మీద చామంతి పువ్వు ఉంచింది. పొగ వస్తుంది, ఇంట్లో మాత్రం పెట్టొద్దని అంగడి బావ మరీ మరీ చెప్పాడు కాబట్టి వాకిట్లో, మా కిటికీకి పది అడుగుల దూరంలో పెట్టారు. అంతకన్నా దూరానికి వైరు చాలలేదు. మామ ఒకసారి లాగి చూపించాడు. వీధిలో నాలుగిళ్ళవాళ్ళు బయటికి వచ్చారు. ఎదురింటి అక్క చెంగు సర్దుకుంటూ వచ్చి, "యాడమ్మా, బోరు యాడ ఏస్తాండారు?" అని అడిగింది. అప్పుడు నాకు అనుమానం మొదలైంది. మామకు చెప్పాను, ఇంత శబ్దంలో మాట వినిపించదేమోనని. "కరెంటు పోతేనే గదా ఇది పలికేది. లైన్‌మన్‌ను అడిగినా. బుధవారం తియ్యము అన్నాడు," అని భుజం తట్టాడు. లైన్‌మన్ అబద్ధం చెప్పలేదు. బుధవారం తీసింది అతను కాదట, వేరొకరట.

బుధవారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని కూర్చున్నాను. (కింద ఏం వేసుకున్నానో అడగకండి.) మామ ఏడు గంటలకే వచ్చి వాకిట్లో జనరేటర్ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. నాన్న ఆఫీసుకు పోతూ బీరువా వైపు చూడకుండా పోయాడు, అది నా మీద దయ. పదిన్నరకు తెర మీద ముగ్గురు. కళ్ళజోడు సారు ఒకాయన, నాకన్నా నాలుగేళ్లు పెద్దదానిలా ఉన్న ఒక మేడం, మూడో మనిషి కెమెరా ఆపుకుని వట్టి పేరుగా ఉన్నారు. మొదటి ప్రశ్నకు బాగా చెప్పాను. రెండోదానికి నోరు తెరిచాను. ఫ్యాను ఆగింది, తెర నల్లబడింది.

మామ ఈ క్షణం కోసమే ఎదురుచూస్తున్నాడని ఇప్పటికీ నా అనుమానం. నేను కుర్చీలో నుంచి లేచేలోపే ఒక్క లాగుడుకు అది అందుకుంది. ల్యాప్‌టాప్ మేలుకోవడానికి, ఇంటర్నెట్ పెట్టె కళ్ళు మిటకరించడానికి మూడు నిమిషాలు. మళ్ళీ ముగ్గురూ కనిపించారు. వాళ్ళ పెదవులు కదులుతున్నాయి. నాకేమీ వినపడలేదు. వాళ్ళకు మాత్రం అంతా వినపడింది. మేడం చెవుల మీది హెడ్‌ఫోన్ తీసేసి దూరంగా పట్టుకున్నారు. మీరు ఎక్కడైనా కట్టడం పని జరిగే చోట ఉన్నారా అని సారు టైపు చేసి పంపారు. కిటికీ మూశాను. ఏం లాభం లేదు. ఒక్క నిమిషం అని చెయ్యి చూపించి వాకిట్లోకి పరిగెత్తాను.

"మామా, ఆపు!" అని అరిచాను.

మామ మొహం వెలిగిపోయింది. బొటనవేలు పైకెత్తి చూపించాడు. నేను ఇంకా గట్టిగా, "ఆపూ!" అన్నాను. ఆయన రెండో బొటనవేలు కూడా ఎత్తాడు. తర్వాత తెలిసింది, ఆయనకు వినపడింది 'సూపరు' అని. నేను చేతులు ఊపుతూ దగ్గరికి పోయేలోపే ఆయన ఇంట్లోకి తిరిగి, "అమ్మా! పాప సూపరంటాండాది! ఇంగేమన్నా ఉంటే ఆన్ చెయ్యి!" అని కేకేశాడు. కొడుకు వస్తాడు కదా అని అవ్వ రాత్రే దోసెలకు బియ్యం నానబోసింది. ఆమె అందుకోసమే కాచుకున్నట్టు గ్రైండర్ మీట నొక్కేసింది.

ఎర్రచట్రం ఒక్కసారి మూల్గింది. గొంతు బొంగురుపోయింది. గ్రైండర్ అర చుట్టు తిరిగి ఆగింది. ఏదో టక్కుమంది, తర్వాత ఇంజను కూడా దగ్గి ఆగిపోయింది. ఆ వాకిట్లో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. ఎదురింటి పిల్లి నడిచిపోతే దాని అడుగులు వినిపించాయి.

ఆ నిశ్శబ్దంలోనే అన్నాను ఆ మాట. నాకు ఏడుపు వచ్చేసింది, బి.ఎడ్. ఫారం కళ్ళ ముందు ఆడింది, అంతా కలిసి నోట్లోంచి ఇలా వచ్చింది. "నీ చెవి సరదాకు నా ఉద్యోగం పోగొట్టినావు మామా. నీకేం తెలుసని తెచ్చినావు దీన్ని?"

అమ్మ వాకిలి దగ్గర నిలబడిపోయింది. అవ్వ, పిండి అంటని చేతులను చీరకు తుడుచుకుంటూ, నన్ను కాక నేలను చూసింది. మామ తువ్వాలు తీసి చేతులు తుడుచుకున్నాడు, వేలు వేలూ విడిగా. తుడవడం అయ్యాక అడిగాడు, "ఆ ఇంటర్వ్యూ ఫోన్లో పలకదా?"

"పలుకుతాది. సిగ్నల్ యాడుండాది ఇక్కడ?"

"యాడుండాదో నాకు తెలుసు. రా."

చాకవేలులో మామ పొలంలో బోరు మోటారుకు ఫోనుతో నడిచే స్టార్టర్ ఉంది. ఎక్కడున్నా ఫోను కొడితే మోటారు తిరుగుతుంది, ఫోను అందితేనే సుమా. మా ఇంటికి వచ్చినప్పుడల్లా భోజనమయ్యాక మామ తువ్వాలు భుజాన వేసుకుని ఎక్కడికో నడిచి వచ్చేవాడు. తిన్నది అరగడానికని మేమంతా అనుకునేవాళ్ళం. మోటారు వేయడానికి సిగ్నల్ వెతుక్కుంటూ ఆయన గుడిబండె మొత్తాన్ని గీతలు గీతలుగా కొలిచి పెట్టుకున్నాడని ఆ రోజే తెలిసింది. లగేజ్ ఆటోలో, క్రేట్ల చప్పుడుతో, కొండ కింద దిగాం. కొండ మీది పాత కోటకు పోయే మెట్లు కొన్ని ఎక్కి, ఒక మలుపు దగ్గర బండ చూపించి, "ఈడ కూర్చో. ఆ పక్కకు జరగొద్దు, పోతాది," అన్నాడు. కూర్చున్నాను. నాలుగు గీతలు. నా జన్మలో నా ఫోనులో అన్ని గీతలు చూడలేదు.

ఫోనులో మళ్ళీ ఇంటర్వ్యూలో చేరేసరికి ముగ్గురూ ఇంకా ఉన్నారు. ఎండకు తెర కనిపించడం లేదని నేను ఫోను అటూ ఇటూ తిప్పుతుంటే, మామ వెనకకు వచ్చి, తువ్వాలును రెండు చేతులతో చాచి నా నెత్తి మీద పందిరిలా పట్టాడు. వాళ్ళు అడుగుతూ పోయారు, నేను చెబుతూ పోయాను. నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలూ నీడ ఒక్క వేలెడు కూడా జరగలేదు. మధ్యలో ఒకసారి ఆయన చెమట చుక్క నా చొక్కా మీద పడితే, ఇస్త్రీ పాడవుతుందని విసుక్కున్నాను కూడా. అప్పటి నాకు కనిపించింది అంతే.

ఆఖరున కళ్ళజోడు సారు నవ్వుతూ ఇంగ్లీషులో, మొదట్లో వచ్చిన ఆ శబ్దమేమిటని అడిగారు. జనరేటర్ సార్ అన్నాను. ఓహో, దాన్ని సెలెక్ట్ చేసిందెవరు అన్నారు. నేను ఏం చెప్పాలా అని వెతుక్కుంటున్నాను. మామకు ఇంగ్లీషు రాదు కానీ జనరేటర్, సెలెక్ట్ అన్న రెండు మాటలూ ఆయన చెవిలో పడ్డాయి. తువ్వాలు దించి, నా భుజం మీదుగా తెరలోకి వంగి, ప్రతి మాటా నొక్కి చెప్పాడు.

"ఐ సెలెక్ట్ సార్. గుడ్ సౌండ్!"

ముగ్గురూ పగలబడి నవ్వారు. ఇంతసేపూ పేరుగా ఉన్న మూడో మనిషి కెమెరా పెట్టుకుని మరీ చూశారు. నేను సిగ్గుతో చితికిపోయాను. ఒకే పూట ఉద్యోగం రెండుసార్లు పోవడం చూసినది నేనొక్కదాన్నే అనుకున్నాను. దిగి వస్తుంటే మామతో మాట్లాడలేదు. ఆయన భుజాలు పిసుక్కుంటూ వెనక దిగాడు.

కొద్ది రోజులకు ఉద్యోగం వచ్చిందని మెయిల్ వచ్చింది. నాన్న ఫారం తీసి మడిచి ఎక్కడో పెట్టాడు. మామకు ఫోను చేశాను. మొత్తం విని, "అయితే వాళ్ళకు సౌండు నచ్చిందన్న మాట," అన్నాడు. కాదు మామా అని, నేను ఏ ప్రశ్నకు ఏ జవాబు చెప్పానో, ఏ జవాబు ఎందుకు గొప్పదో పది నిమిషాలు వివరించాను. "అవునవును," అన్నాడు ఓపిగ్గా. నేను పనిలో చేరిన మొదటి రోజు, కళ్ళజోడు సారు వీడియోలో నన్ను జట్టులో వాళ్ళందరికీ పరిచయం చేస్తూ అన్న మొదటి మాట, "ఈమె గుడ్ సౌండ్ అమ్మాయి." ఆ సంగతి మామకు చెప్పలేదు. చెబితే ఆయన గెలిచినట్టవుతుందని. ఎన్నో ఏళ్ళు చెప్పలేదు. ఇప్పుడు నేనే కొత్తవాళ్ళను ఇంటర్వ్యూలు చేస్తున్నాను. ఆ రోజు నేను చెప్పిన గొప్ప జవాబుల్లో ఒక్కటి కూడా నాకు గుర్తు లేదు.

మొన్న చాకవేలు వెళ్ళినప్పుడు ఆ గుడ్ సౌండ్ మాట చెప్పేశాను. మామ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "నేను అప్పుడే అంటి గదా," అన్నాడు. ఆయన చేతులు ఇప్పుడు పైకెత్తితే వణుకుతాయి. కాఫీ గ్లాసు అందుకుంటుంటే చూశాను. ఉండబట్టలేక, తల వంచుకుని, "ఆ రోజు వాకిట్లో నిన్ను ఎంతెంత మాటలంటిని మామా. నాకు ఇప్పటికీ బాధగా ఉండాది," అన్నాను.

"ఏమంటివి?" అన్నాడు, గ్లాసు ఊదుకుంటూ. "నాకేం తెలుసు పాపా. ఆ జనరేటర్ సౌండులో ఒక్క ముక్క వినపల్లేదు."

నేను ఆ మాట అనేసరికి జనరేటర్ ఆగిపోయి ఉంది. పిల్లి నడిచినా వినిపించేంతగా ఆగిపోయి ఉంది. ఆ సంగతి నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకూ తెలుసు.

"అవును మామా, బో సౌండు దానిది," అన్నాను.